అమీర్‌పేటలో జంప్ జెట్‌కు ఫ్రీ డెమో

నేను అమీర్‌పేటకు జావా నేర్చుకుందామని వచ్చాను. నేర్చుకున్నాను కూడా. కాకపోతే ఆ సంగతి నేను తప్ప ఇంకెవరూ నమ్మకపోవడంతో, నేర్చుకున్న ఇన్‌స్టిట్యూట్‌లోనే ఇంటర్వ్యూలో ఎలా కూర్చోవాలో, ఎలా నవ్వాలో చెప్పే మాస్టారుగా స్థిరపడిపోయాను. ఆ పనికి నాకు అర్హత లేదనడానికి వీల్లేదు. నేను వెళ్లినన్ని ఇంటర్వ్యూలకు ఆ వీధిలో ఎవరూ వెళ్లలేదు. మొదటిదానికే ఉద్యోగం వచ్చేసి ఉంటే అన్ని ఎలా చూసేవాణ్ని?

మా ఇన్‌స్టిట్యూట్ మైత్రీవనం దగ్గరి ఒక సందులో, నాలుగో అంతస్తులో ఉండేది. లిఫ్ట్ ఉంది. దాని తలుపు మీద కూడా కోర్సుల కాగితాలే అంటించి ఉండేవి కాబట్టి కొత్తవాళ్లకు అది గోడో తలుపో తెలిసేది కాదు. కింద రోడ్డు మధ్యలో మెట్రో స్తంభాలు లేచి నిలబడి ఉన్నాయి. పైన రైలు లేదు. వస్తుందని అందరూ అనేవారు. అప్పట్లో అమీర్‌పేటలో అందరి పరిస్థితీ ఇంచుమించు అదే.

ఆ ఎండాకాలంలో ఒక పొద్దున మా డైరెక్టర్ (ఇన్‌స్టిట్యూట్ యజమానిని అలా పిలవకపోతే ఆయన పలికేవాడు కాదు) ఒకాయన్ని వెంటబెట్టుకుని నా గదిలోకి వచ్చాడు.

"అన్నా, గీ సార్ నేవీల పనిచేసిండట. జావా బ్యాచ్‌ల చేరిండు. ఇంటర్వ్యూ ముచ్చట జర నువ్వే చూస్కో."

ఆయనకు నలభై ఉంటాయేమో. ఇస్త్రీ చొక్కా, కొలత పెట్టి కత్తిరించినట్టున్న మీసం. భీమిలి దగ్గరి మనిషి. కూర్చోమంటే కూర్చున్నాడు గానీ, కుర్చీకి వీపు ఆనించలేదు.

"ఉద్యోగం ఎందుకు మానేశారండీ?" అన్నాను. అది మా వృత్తిలో మొదటి ప్రశ్న.

"నేను మానలేదండీ. విమానం రిటైరైంది. దాంతోపాటు నేనూ వచ్చేశాను."

మా దగ్గరకు వచ్చేవాళ్లు చెప్పే కారణాలు నాకు కొట్టినపిండి. విమానం మాత్రం అదే మొదటిసారి.

ఆయన చెప్పిందాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. యుద్ధ విమానం లేవాలంటే పొడుగాటి రన్‌వే ఉండాలి. ఓడ మీద అంత చోటుండదు. అందుకని జంప్ జెట్ అనేదాన్ని చేశారు. హారియర్ అంటారు. దాని పొట్టకు అటూ ఇటూ నాలుగు గొట్టాలుంటాయి. వాటిని వెనక్కి తిప్పితే ముందుకు పోతుంది, కిందికి తిప్పితే గాలిలో అలాగే నిలబడుతుంది. లేచేటప్పుడు కొంచెం పరిగెత్తి ఎగిరినా, దిగేటప్పుడు మాత్రం ఓడ పక్కకు వచ్చి, గాలిలో నిలబడి, పక్కకు జరిగి, నిట్టనిలువునా దిగుతుంది. ఈయన పదిహేనేళ్లు దాని ఇంజిన్ చూసుకున్నాడు.

"అంటే సిటీ బస్సు స్టాపులో ఆగినట్టన్నమాట," అన్నాను.

"లేదండీ," అన్నాడాయన చాలా సీరియస్‌గా. "ఇది ఆగుతుంది."

నాకా మనిషి అప్పుడే నచ్చాడు.

"మరి ఎందుకు రిటైర్ చేశారు?"

"దాన్ని తయారుచేసిన దేశంవాళ్లే ముందు మానేశారండీ. విడిభాగాలు దొరకడం మానేశాయి. ఒకదాన్ని విప్పి ఇంకోదానికి బిగించుకుంటూ కొన్నాళ్లు నడిపాం. చివరికి దాని ఓడే ముసలిదైపోయింది. కొత్త ఓడకి కొత్త విమానాలొచ్చాయి. అవి పరిగెత్తుకుంటూ వచ్చి తాడు పట్టుకుని ఆగుతాయి." తాడు పట్టుకుని ఆగడం ఆయనకు అంతగా రుచించలేదని మొహమే చెప్పింది.

"అంటే ఇక జంప్ జెట్‌కి భవిష్యత్తు లేదా?"

"ఎందుకు లేదండీ? విదేశాల్లో కొత్త తరంది పుట్టింది. దానికి పొట్టలోనే పెద్ద ఫ్యానుంటుంది. మనింట్లోనే వద్దనుకున్నారు." మేనమామ గారింట్లో పుట్టిన పిల్లవాడి గురించి చెప్పినట్టు చెప్పాడు.

"పాతవాటిని ఏం చేస్తారు మరి?"

"కొన్నిటిని నాలుగు రోడ్ల కూడళ్లలో దిమ్మ మీద నిలబెడతారు."

"విగ్రహంలాగానా?"

"విగ్రహంలాగేనండీ. కాకులతో సహా. దాన్నైనా దిమ్మ మీద పెడుతున్నారు. నన్ను గేటు దగ్గర పెడదామని చూస్తున్నారు."

అసలు కథ అది. మన ఊళ్లో మాజీ సైనికుడు అనగానే జనానికి గేటు కనిపిస్తుంది. ఆయన ఏ పని చేసి వచ్చాడన్నది అనవసరం. ఈయన బావమరిదికి సెక్యూరిటీ ఏజెన్సీ ఉంది. బావగారు నౌకాదళం నుంచి వస్తున్నాడని తెలిసీ తెలియగానే, పాత చొక్కా ఒకటి తీసుకెళ్లి, కొలతలకు యూనిఫాం కుట్టించేశాడు. భుజాల మీద పసుపు పట్టీలు, జేబుకు విజిల్, దానికో తాడు. అది ఎర్రమంజిల్‌లో వాళ్ల అద్దింట్లో, పడగ్గది తలుపు వెనక హ్యాంగర్‌కు వేలాడుతోంది. ఈయన ఇంజిన్‌లు చూసిన చేతులతో గేటు తియ్యనని భీష్మించుకున్నాడు. ఆయన భార్య స్కూల్లో టీచరు. మధ్యేమార్గంగా ఒక గడువు పెట్టింది. వేసవి సెలవులయ్యి స్కూళ్లు తెరిచేలోపు సాఫ్ట్‌వేర్‌లో ఉద్యోగం వస్తే సరి, లేకపోతే తన తమ్ముడు కుట్టించిన యూనిఫాం తొడుక్కోవాలి.

"పొద్దున లేవగానే అదే కనిపిస్తుందండీ," అన్నాడు. "ఫ్యాను గాలికి చేతులు ఊపుతుంటుంది. నన్ను పిలుస్తున్నట్టే ఉంటుంది."

అలా మా బ్యాచ్‌లోకి నేవీ అంకుల్ వచ్చాడు. మొదటిరోజే ఒక వింత జరిగింది. నేను క్లాసు తలుపు తీసేసరికి ఈయన కుర్చీల మధ్య నడుం వంచి, నేల మీద చూపు నిలిపి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా మెల్లగా నడుస్తున్నాడు. ఏదో పోగొట్టుకున్నాడనుకుని నేనూ వంగి వెతకడం మొదలుపెట్టాను. కాసేపయ్యాక ఏం వెతుకుతున్నామని అడిగాను.

"ఏమీ లేదండీ. ఫాడ్ వాక్."

ఓడ మీద విమానాలు లేచే ముందు నావికులంతా వరసగా నిలబడి, తలలు వంచుకుని, డెక్ పొడుగునా నడిచి, కనిపించిన ప్రతి మేకూ, నట్టూ, గులకరాయీ ఏరేస్తారట. ఆ చెత్తకే ఫాడ్ అని పేరు. జెట్ ఇంజిన్ ముందు ఏదుంటే అది లోపలికి పీల్చేసుకుంటుంది. చిన్న నట్టు పోతే చాలు, ఇంజిన్ పోతుంది. పదిహేనేళ్లు పొద్దున్నే అలా నడిచాడు. ఇప్పుడు ఇంజిన్ లేదు, ఓడ లేదు, నడక మాత్రం మిగిలింది.

అమీర్‌పేటలో ఆ అలవాటున్న మనిషితో బయటకు వెళ్లకూడదు. పంజాగుట్ట దాకా టీకి వెళ్దామని బయల్దేరితే, మెట్రో పనుల దగ్గర రాలిన బోల్టులూ, చెప్పుల దుకాణం ముందు మేకులూ ఏరుకుంటూ ఆయన వచ్చేసరికి టీ చల్లారిపోయేది. ప్యాంటు జేబులు గలగలమనేవి. దారినపోయేవాళ్లు తలోరకంగా అర్థం చేసుకునేవారు. ఒక పెద్దావిడ ఆయన చేతిలో రూపాయి పెట్టబోతే, ఆయన అది కూడా ఫాడ్ అనుకుని జేబులో వేసుకున్నాడు.

మా బ్యాచ్ వాళ్లకు అది ఆటైపోయింది. రోజూ క్లాసుకు ముందు అంతా వరసగా నిలబడి వంగి నడిచేవారు. అందరికంటే ముందుండేవాడు సిద్దిపేట నుంచి వచ్చిన ఒక బీటెక్ కుర్రాడు. వాణ్ని అంతా తమ్ముడూ అనేవారు. చాలా సన్నగా ఉండేవాడు; వంగితే కుర్చీ కింద కనిపించేవాడు కాదు. మా డైరెక్టర్ తలుపు దగ్గర నిలబడి ముచ్చటపడేవాడు. "నేవీ పద్ధతి మస్తున్నది అన్నా. ఊడ్చేటోళ్లకు ఇగ సెలవిద్దామా?"

తర్వాత రెజ్యూమే దగ్గర చిక్కొచ్చింది.

మా వీధిలో ఒక సంప్రదాయం ఉండేది. ఉద్యోగాలు అనుభవం ఉన్నవాళ్లకే వస్తాయి. అనుభవం ఉద్యోగం ఉన్నవాళ్లకే వస్తుంది. ఈ ముడి విప్పడానికి పెద్దవాళ్లు బుర్రలు బద్దలుకొట్టుకుంటుంటే అమీర్‌పేట దాన్ని కత్తెరతో కత్తిరించేసింది. ఎవరికైనా మూడేళ్ల అనుభవం ఉన్నట్టు రాసేస్తే సరిపోతుంది.

"నేవీ తీసెయ్ అన్నా," అన్నాడు డైరెక్టర్. "జావాల మూడేండ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టు. మనకు బెంగళూరు కంపెనీ ఒకటున్నది కదా."

"ఎక్కడండీ అది?" అన్నాడు నేవీ అంకుల్.

"బెంగళూర్ల."

"బెంగళూరులో ఎక్కడ?"

"మన కంప్యూటర్ల," అన్నాడు డైరెక్టర్, దాచడానికి ఏముందన్నట్టు.

నేవీ అంకుల్ వేళ్ల మీద లెక్కపెట్టాడు. "చేసిన పని పదిహేనేళ్లది తీసేసి, చెయ్యని పని మూడేళ్లది రాసుకోవాలా? అబద్ధం సంగతి అటుంచండి. లెక్క ప్రకారం కూడా నష్టమే కదండీ."

డైరెక్టర్ నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి మెట్రో స్తంభం వైపు చూశాను. చివరికి ఉన్నది ఉన్నట్టే రాశాం. జంప్ జెట్ ఇంజిన్‌ల మరమ్మతు, పదిహేనేళ్లు. కింద మాత్రం, చిన్న అక్షరాల్లో, జావా. నాకు తెలిసి ఆ భవనంలో తయారైన మొట్టమొదటి నిజమైన రెజ్యూమే అది. ప్రింట్ తీస్తుంటే ప్రింటర్ కూడా కాసేపు మొరాయించింది.

వారం తిరక్కుండా పంజాగుట్టలో ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. మా బ్యాచ్ మొత్తంలో వచ్చిన ఒకే ఒక్క పిలుపు.

అమీర్‌పేటను ఎరిగినవాళ్లకు తర్వాత జరిగింది చెప్పనక్కర్లేదు. ఎరగనివాళ్ల కోసం చెబుతాను. అక్కడ ఏది నేర్చుకోవాలన్నది పుస్తకాలు చూసి ఎవరూ నిర్ణయించరు. ఎవరికి కాల్ వచ్చిందో చూస్తారు. వాడి రెజ్యూమేలో ఏముందో చూస్తారు. మర్నాటికి అది కోర్సవుతుంది. ఆ రోజు సాయంత్రానికి మిర్చి బండి దగ్గర కబురు పాకిపోయింది: మార్కెట్‌లో ఇప్పుడు జంప్ జెట్ నడుస్తోంది.

మర్నాడు తమ్ముడు నా గదికొచ్చాడు.

"సార్, జంప్ జెట్ జావా కన్నా కష్టముంటదా?"

"కొంచెం. శబ్దం ఎక్కువ."

"ఎన్ని నెలలు పడ్తది సార్?"

"ఆయనకు పదిహేనేళ్లు పట్టింది."

"గంత టైం లేదు సార్. ఫాస్ట్‌ట్రాక్‌ల చెప్తరా?"

నేను నవ్వి పంపించేశాను. మధ్యాహ్నం టీకి కిందికి దిగితే మెట్లకు అడ్డంగా కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. జంప్ జెట్, రియల్ టైమ్ ఎక్స్‌పర్ట్‌చే, ఆదివారం ఫ్రీ డెమో. పక్కన ఒక విమానం బొమ్మ. అది జంప్ జెట్ కాదు. కొత్తగా పెళ్లయినవాళ్లు మలేసియా వెళ్లే రకం.

"ఇదేంటండీ?" అన్నాను డైరెక్టర్‌తో.

"ఫికర్ చెయ్యకన్నా. పొద్దుగాల నుంచి ఒకటే ఫోన్‌లు. ఎదురుంగ ఇన్‌స్టిట్యూటోడు సుత జంప్ జెట్ మొదలుపెడ్తుండట. వానికి ఎక్స్‌పర్ట్ లేడు. మనకున్నడు."

నేవీ అంకుల్ ఒప్పుకోడనుకున్నాను. ఆయన ఎగిరి గంతేశాడు, అదీ నిట్టనిలువునా. రిటైరైన విమానం గురించి వినడానికి ఈ ఊళ్లో ఇంతమంది ఉన్నారా అంటూ అప్పటికప్పుడే కాగితం తీసి విమానం బొమ్మ గియ్యడం మొదలుపెట్టాడు. నేను నిజం చెబుదామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి, టీ తాగడానికి దాన్ని వాడుకున్నాను.

ఆదివారం హాలు కిక్కిరిసిపోయింది. కిటికీల మీద కూడా కూర్చున్నారు. నేవీ అంకుల్ బ్లాక్‌బోర్డు డస్టర్‌ను విమానంగా, బల్లను ఓడగా పెట్టుకుని చెప్పాడు. గాలిలో నిలబడ్డప్పుడు ఇంజిన్ వేడెక్కిపోతుంది కాబట్టి లోపల నీళ్లు చిమ్ముతారని, ఆ నీళ్లయిపోయేలోపు దిగాలని చెబితే, నాతో సహా హాలంతా మూలనున్న ఎయిర్ కూలర్ వైపు చూశాం. దాంట్లో నీళ్లు పొద్దున్నే అయిపోయాయి. ఆయన డస్టర్‌ను బల్ల పక్కకు తెచ్చి గాలిలో నిలబెట్టి, నోటితో శబ్దం చేస్తూ, పక్కకు జరిపి, బల్ల మీద దించాడు. సుద్దపొడి లేచింది. అందరూ నోట్స్ రాసుకున్నారు.

"డౌట్స్ ఏమైనా ఉన్నాయా?" అన్నాడు, మొహమంతా వెలిగిపోతూ.

వెనక నుంచి ఒకమ్మాయి చెయ్యెత్తింది. "సార్, దీంట్ల ఫ్రెషర్స్‌కు ఓపెనింగ్స్ ఉంటయా?"

"విమానాలే లేవు కదమ్మా. రిటైరైపోయాయి."

ఆ అమ్మాయి అది కూడా రాసుకుంది. "మరి సపోర్ట్ రోల్స్?"

ఆయనకు అప్పటికీ అర్థం కాలేదు. పిల్లలు ఎంత శ్రద్ధగా ఉన్నారో అని నాతో రెండుసార్లు అన్నాడు.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. స్కూళ్లు తెరవడానికి అదే ఆఖరి వారం. యూనిఫాంకి ఆ పొద్దున్నే బావమరిది వచ్చి ఇస్త్రీ కూడా చేయించి పెట్టాడట, పని తేలికవుతుందని. అభ్యర్థుల చొక్కాలు లోపలికి దోపుకున్నారో లేదో చూసి ధైర్యం చెప్పి పంపడం నా ఉద్యోగంలో భాగం కాబట్టి నేనూ వెళ్లాను. పంజాగుట్ట సర్కిల్ దగ్గరి భవనంలో మూడో అంతస్తు. బయట సోఫాలు, లోపల అద్దాల గది.

సోఫాల నిండా మా బ్యాచ్.

"మీరంతా ఎందుకొచ్చారమ్మా?" అన్నాడు నేవీ అంకుల్.

"ఇంటర్వ్యూకంకుల్," అన్నాడు తమ్ముడు ఆనందంగా. "మాకు సుత కాల్ వచ్చింది. అందరం మీ రెజ్యూమేనే పెట్టినం."

డైరెక్టర్ దాన్ని నమూనాగా అందరికీ పంచాడని తర్వాత తెలిసింది. చూసి రాసుకోమన్నాడు. మా వీధిలో చూసి రాయడం అంటే పేరూ ఫోన్ నంబరూ మార్చడమే. ఆ లెక్కన ఆ సోఫాల మీద భారత నౌకాదళం సగం కూర్చుని ఉంది. డెమోలో చెయ్యెత్తిన అమ్మాయికి ఇరవై రెండేళ్లు, జంప్ జెట్‌ల మీద పదిహేనేళ్ల అనుభవం. ఒకటో తరగతి నుంచే డెక్ మీద ఉండి ఉంటుంది.

నేవీ అంకుల్ చొక్కా సర్దుకుని చివరి సోఫాలో, వీపు ఆనించకుండా, కూర్చున్నాడు. ఆయన పేరు కూడా చివరే ఉంది.

ఒక్కొక్కరే లోపలికి వెళ్లి వస్తున్నారు. మాటలు వినిపించవు గానీ అద్దంలోంచి అంతా కనిపిస్తుంది. ప్రతి ఒక్కరూ గదిలోకి వెళ్లగానే నడుం వంచి, కార్పెట్ మీద నుంచి ఏదో ఏరి, జేబులో వేసుకుని, అప్పుడు కూర్చుంటున్నారు. మొదటివాడికి పిన్ను దొరికింది. తర్వాతివాళ్లకు ఏరడానికేమీ మిగల్లేదు కాబట్టి ఉత్తినే ఏరారు.

సగం అయ్యాక ఇంటర్వ్యూ చేసేవాడు బయటికొచ్చాడు. నాకంటే చిన్నవాడు, చాలా అలసిపోయి ఉన్నాడు. నా మెడలో ఇన్‌స్టిట్యూట్ కార్డు చూసి దగ్గరికొచ్చాడు.

"ఏందన్నా, అమీర్‌పేటకు సముద్రం ఎప్పుడొచ్చింది?"

"పైప్‌లైన్ పనులు జరుగుతున్నాయండీ," అన్నాను.

"అందర్ది ఒక్కటే షిప్పు. ఒక్కటే విమానం. ఒక్కటే స్పెల్లింగ్ మిస్టేక్. లోపటికొచ్చిన ప్రతోడు కార్పెట్ ఏరుతుండు. మా హౌస్‌కీపింగోళ్లు ఫీలైతుండ్రు." ఒక గ్లాసు నీళ్లు తాగాడు. "ఒక్క రెజ్యూమే చూసి, కొత్తగున్నదని పిలిచిన. మర్నాటికి డబ్బా నిండా అవే. అండ్ల అసలుదేదో దొరకవట్టుదామని అందర్నీ పిల్సుడైంది. ఇంకెందరున్నరు?"

"చాలామందే ఉన్నారు. ఆఖరున కూర్చున్న ఆయనది మాత్రం నిజం."

"అందరు గదే అంటుండ్రన్నా," అని లోపలికి వెళ్లిపోయాడు.

చివరికి ఈయన వంతు వచ్చింది. నేను ఆయనకు నెలరోజులు నేర్పించింది మూడు మాటల్లో చెప్పాలంటే: నవ్వండి, చేతులు ఊపకండి, ఎదుటివాడు ఏమన్నా ఎస్ సార్ అనండి.

తలుపు తీసి లోపలికి వెళ్లగానే ఆయన వంగాడు. ఇంటర్వ్యూ చేసేవాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నేను కళ్లు మూసుకున్నాను.

తెరిచేసరికి మాటలు మొదలయ్యాయి. అద్దం ఇవతల నుంచే తెలుస్తోంది, ఆయన తడబడుతున్నాడు. లోపల ఏం జరిగిందో తర్వాత ఆయనే చెప్పాడు. ఇంధనం ఎంత పడుతుందని అడిగితే మావాళ్లంతా అంకెతో సహా గడగడా అప్పజెప్పారట. ఈయన మాత్రం "అది ఆ రోజును బట్టండీ," అన్నాడట. ఏ ప్రశ్నకూ ముక్కుసూటి జవాబు రాలేదు. మిగతావాళ్లకు అన్నీ తెలుసు. ఈయనకు ఏదడిగినా ఇంకోటి గుర్తుకొస్తోంది. అంత హీనంగా ఇంటర్వ్యూ ఇచ్చినవాణ్ని నన్ను మినహాయిస్తే నేను చూడలేదు.

ఇంటర్వ్యూ చేసేవాడు ఫైలు మూసేశాడు. అది నాకు బాగా తెలిసిన కదలిక. మూస్తూ మూస్తూ ఏదో అన్నాడు. అన్నది ఇదట: "ఏమైతేంది సార్, పాత డబ్బా. వేస్ట్ అనే కదా రిటైర్ చేసిండ్రు?"

అందర్నీ ఆఖరున అదే అడిగాడట. అందరూ ఎస్ సార్ అన్నారు. తమ్ముడు ఒకడుగు ముందుకేసి, "ఎస్ సార్, టోటల్ వేస్ట్ సార్," అన్నాడు.

నేవీ అంకుల్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడింది. ఆ శబ్దం మాత్రం బయటికి వినిపించింది.

"వేస్ట్ అంటే ఏంటండీ? మాట తిన్నగా రానివ్వండి. మీ నాన్నగారు రిటైరయ్యారా? ఆయన్నీ వేస్టంటారా?"

సోఫాల మీద బ్యాచంతా లేచి అద్దానికి అతుక్కుపోయారు. ఆయన రెండు చేతులూ ఊపేస్తున్నాడు. ఒక అరచెయ్యి విమానమైంది, బల్ల మీది ల్యాప్‌టాప్ ఓడైంది. వానలో ఓడ ఊగుతుంటే, ఇంధనం అడుగంటుతుంటే, అది వచ్చి పక్కన గాలిలో ఎలా నిలబడేదో, దాని మోతకు కింద వీళ్ల పళ్లు ఎలా కదిలేవో, దిగాక దాని ఒంటి మీద చెయ్యి వేస్తే పెనంలా ఎలా చురుక్కుమనేదో, అయినా ఎందుకు వెయ్యాలనిపించేదో చెబుతున్నాడట. చెబుతూ చెబుతూ ల్యాప్‌టాప్‌ను తన వైపుకు లాక్కున్నాడు. "పనికిరానిదాన్ని మేం ఇంకో విమానం పొట్ట కోసి మరీ ఎందుకు నడుపుతామండీ? మాకేం వేరే పని లేదా?"

నవ్వలేదు, చేతులు ఊపాడు, ఎస్ సార్ అనలేదు. నా నెల రోజుల పాఠం అద్దం అవతల ముక్కలు ముక్కలై పడింది. నేను మనసులో ఆయనకు యూనిఫాం తొడిగేశాను. విజిల్ కూడా.

ఆయన ఆగాక ఇంటర్వ్యూ చేసేవాడు మెల్లగా ల్యాప్‌టాప్‌ను తన వైపుకు జరుపుకున్నాడు.

"మీరే సార్ అసలు."

"ఎలా తెలిసింది?" ఆయనింకా కోపంగానే ఉన్నాడు.

"ఉత్తుత్త విమానం కోసం ఎవడన్న గింత లొల్లి వెడ్తడా?"

అప్పుడు చెప్పాడు ఆ ఉద్యోగమేమిటో. ఎక్కడో చలిదేశంలో ఒక సంస్థకు పాత సాఫ్ట్‌వేర్ ఉంది. రాసినవాళ్లు లేరు. తెలిసినవాళ్లు మానేశారు. కొత్తది తయారవుతోంది. అది వచ్చేదాకా దీన్ని పడిపోకుండా చూసుకోవాలి. కుర్రాళ్లను పెడితే పాతదని మొహం చిట్లించి మూడు నెలలకే పోతున్నారు.

"ఎన్నాళ్లు నడపాలండీ?" అన్నాడు నేవీ అంకుల్, పడిన కుర్చీ ఎత్తి నిలబెడుతూ.

"వచ్చే ఏడు తీసేస్తమంటున్నరు."

"మాదాన్ని కూడా అలాగే అన్నారండీ," అన్నాడట. అంటూ మొదటిసారి నవ్వాడట. అది నేను నేర్పిన నవ్వు కాదు.

ఉద్యోగం వచ్చింది. మా డైరెక్టర్ ఆ వారమే కొత్త ఫ్లెక్సీ కట్టాడు: జంప్ జెట్ బ్యాచ్, హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్. ఒకరు చేరి ఒకరికి వస్తే హండ్రెడ్ పర్సెంటే కదా అన్నాడు. మిగతావాళ్ల మాటేమిటంటే వాళ్లు జావాలో చేరారన్నాడు. నెల తిరిగేసరికి ఇంకెవరికో ఇంకేదో కాల్ వచ్చింది, జంప్ జెట్ అమీర్‌పేటలో కూడా రిటైరైంది. ఆ ఫ్లెక్సీ మిర్చి బండికి పైకప్పుగా చేరింది. విమానం బొమ్మ మీద నూనె మరకలు పడ్డాక, నిజం చెప్పొద్దూ, కొంచెం హారియర్‌లాగే కనిపించేది.

తమ్ముడి ఫోన్ ఆ రోజుల్లోనే వచ్చింది.

"సార్! జాబొచ్చింది సార్!"

"శభాష్. ఏ కంపెనీ?"

"సెక్యూరిటీ ఏజెన్సీ సార్. నా రెజ్యూమే ఆన్‌లైన్‌ల చూసిండ్రట. ఎక్స్ నేవీ కావాల్నంట. సూపర్‌వైజర్ పోస్టు."

నేను కూర్చున్నాను. "నీ వయసు అడగలేదా?"

"అడిగిండ్రు సార్. చిన్నప్పుడే చేరిన అన్న. జావా కాల్ వచ్చేదాంక చేస్త సార్, రూమ్‌ల ఊకె కూసునుడెందుకు? యూనిఫాం సుత రెడీగున్నదట. వాళ్ల బావ కోసం కుట్టిచ్చిండ్రట, ఆయన వద్దన్నడట. జర లూజున్నది. పిన్నీసు పెట్టుకుంట."

ఏ ఆఫీసు గేటు అని అడిగాను. చెప్పాడు.

మర్నాడు పొద్దున పంజాగుట్టలో నాకేమీ పని లేదు. అయినా వెళ్లాను. నేవీ అంకుల్ ఇస్త్రీ చొక్కాలో, లంచ్ డబ్బాతో, తన ఆఫీసు భవనం గేటు దాకా వచ్చి ఆగిపోయాడు. ఎదురుగా ఆయన యూనిఫాం నిలబడి ఉంది. పసుపు పట్టీలు మోచేతుల దాకా జారాయి. మధ్యలో ఎక్కడో తమ్ముడున్నాడు.

"గుడ్ మార్నింగ్ అంకుల్!" అని తమ్ముడు ఎడమ చేత్తో సెల్యూట్ కొట్టాడు.

నేవీ అంకుల్ మొహం చిట్లించాడు. "సెల్యూట్ కుడిచేత్తో కొట్టాలయ్యా. నేవీలో పదిహేనేళ్లు చేశావు, ఆమాత్రం తెలీదా?"

"కుడిచెయ్యి ఖాళీ లేదంకుల్," అన్నాడు తమ్ముడు. కుడిచేత్తో ప్యాంటు గట్టిగా పట్టుకుని ఉన్నాడు. "పిన్నీసు ఎక్కడ్నో పడిపోయింది."

నేవీ అంకుల్ లంచ్ డబ్బా నా చేతికిచ్చాడు. గేటు ఈ చివర నిలబడి, నడుం వంచి, పార్కింగ్ ర్యాంపు వైపు మెల్లగా నడవడం మొదలుపెట్టాడు. ప్యాంటు పట్టుకుని తమ్ముడు ఆయన పక్కన వరసలో చేరాడు. వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి. నేను డబ్బా గోడ మీద పెట్టి, మూడోవాడిగా వంగాను.